చింతగింజల టపా

సింగమ్మ అల్లే వెదురు గంపలకి పొరుగూళ్లలో మంచి గిరాకీ. అవి రాజుగారి టపాబండిలోనే వెళ్లాలి. ఆ బండి మీద అధికారి పుల్లంరాజు. ఆయన కిరాయి వారానికోలా మారేది. మొదట బరువును బట్టి అన్నాడు. గంపలు తేలికని చూసి, పట్టే చోటును బట్టి అన్నాడు. సింగమ్మ గంపలో గంప దూర్చి తెచ్చేసరికి, ఎన్నుంటే అన్నిటికీ కట్టాలన్నాడు.

వర్తకులంతా మొరపెట్టుకుంటే రాజుగారు ఆయన్ని మందలించారు. పుల్లంరాజు మీసం దువ్వుకుంటూ చాటింపు వేయించాడు.

"సరుకు పెట్టి పంపే గంపకీ సంచికీ ఇకమీదట కిరాయి లేదు. లోపలి సరుకుకి మాత్రం తూకాన్ని బట్టి మూడింతలు!"

మర్నాడే సింగమ్మ నలభై గంపలు తెచ్చి దించింది. ఒక్కో గంపలో ఒక్కో చింతగింజ ఉంది.

"ఏమిటే ఇది?"

"సరుకు దొరా. తూచుకోండి, మూడింతలూ ఇచ్చుకుంటాను."

నలభై గింజలూ పోసినా బస్తాలు తూచే ఆ తక్కెడ కదల్లేదు. పుల్లంరాజు మొహం కందగడ్డయింది.

"చింతగింజల్ని ఇంత దూరం నుంచి తెప్పించుకునే వెర్రివాడెవడే?"

"మా బేరగాళ్లు మంచోళ్లు దొరా," అంది సింగమ్మ, గంపలు బండికెక్కిస్తూ. "గింజ నచ్చకపోయినా గంప తిప్పి పంపరు."