నూనె పొర తెగకూడదట

చోడవరం అవతల ముగ్గురు అన్నదమ్ములు చెరకు గానుగ నడిపేవారు. పెద్దవాడు గౌరునాయుడు, నడిమివాడు పైడయ్య, చిన్నవాడు సింహాద్రి. ఊళ్లో తెలివంతా ఒక ఎత్తు, తమ ముగ్గురిదీ ఒక ఎత్తు అని వాళ్ల నమ్మకం. ఎవరేం చెప్పినా ఒక్క ముక్క పొల్లుపోకుండా చేస్తామని గొప్పలు పోయేవారు.

ఒకరోజు గానుగ రోలరు కీచుమని ఆగిపోయింది. అప్పటికే వాళ్లకి వరసకి పిన్ని అయ్యే దేవుడమ్మ రెండు బళ్ల చెరకు నరికి తెచ్చింది. అది ఎండిపోతే ఆవిడకి ఆ ఏడు బెల్లం లేనట్టే. మస్తాను మేస్త్రీ వచ్చి కొత్త బేరింగు బిగించాడు. లోపలి ఇనుప గుండ్లకీ గాడికీ మధ్య వెంట్రుక కన్నా పల్చని నూనె పొర ఉంటుందనీ, బరువంతా మోసేది అదేననీ, ఎంత నొక్కితే అంత గట్టిపడుతుందనీ చెప్పి, నూనె డబ్బా చేతికిచ్చి భోజనానికి వెళ్లాడు.

ఇంకేముంది, ముందే నొక్కి గట్టి నూనె పోద్దామన్నాడు పైడయ్య. సగం నూనె గోనెసంచిలో పోసి, పైన సింహాద్రిని కూర్చోబెట్టారు. నూనె నేలపాలైంది. సింహాద్రి జారి పిప్పికుప్పలో పడ్డాడు. వాడి బరువు చాల్లేదని కసురుకుని పైడయ్య తనే కూర్చున్నాడు. తనూ జారాడు.

అప్పుడు గౌరునాయుడికి ఒక ఆలోచన తట్టింది. మోసేది నూనే అయితే ఇనుప గుండ్లు దండగ కదా. అంతే, గుండ్లన్నీ పీకేసి మిగతా నూనె నింపారు. ఇంజను వేయగానే రోలరు ఒక పక్కకి కూలబడింది. బెల్టు ఊడి ఎగిరొచ్చి దేవుడమ్మ కాళ్ల దగ్గర పడింది. ఆవిడ తల బాదుకుంటూ మేస్త్రీ కోసం పరిగెత్తింది.

మేస్త్రీ సగం అన్నంలో లేచొచ్చి, గుండ్లు ఏరి కడిగి మళ్లీ బిగించాడు. ఈసారి ఇంకా వివరంగా చెప్పాడు. రోలరు తిరుగుతున్నంతసేపే పొర నిలుస్తుందట, ఆగితే నలిగిపోతుందట. అలాగని ఖాళీగా తిప్పితే గుండ్లు దొర్లకుండా జారి పొరని చీల్చేస్తాయట. ముగ్గురూ శ్రద్ధగా తలూపారు. మేస్త్రీ మిగతా అన్నం తినడానికి వెళ్లాడు.

చెరకంతా చక్కగా ఆడింది. దేవుడమ్మ బయట పొయ్యి మీద పెనంలో రసం పోసి ఊపిరి పీల్చుకుంది. గానుగ పాక లోపల ముగ్గురూ మొహామొహాలు చూసుకున్నారు. చెరకు లేదు. ఆపకూడదు, ఖాళీగా తిప్పకూడదు. ముందు పిప్పి పెట్టారు. తర్వాత చీపురు, ఆ తర్వాత కంచె, ఆపైన పైడయ్యకి అత్తారిచ్చిన నులకమంచం. అవీ అయిపోయాయి. ఇంకేముంది, పాక మధ్య గుంజ పీకి రోలర్ల మధ్య పెట్టారు. పాక నెత్తిన కూలింది.

దేవుడమ్మ పరిగెత్తుకొచ్చి ఇంజను ఆపబోయింది. తాటాకుల కింద నుంచి గౌరునాయుడి గొంతు వినిపించింది.

"ఆపకు పిన్నీ. మా మీదున్న ఈ తాటాకులు తీసి అందించు, ఇంకో గంట వస్తాయి."