నక్క మామ పట్టిన నూలు

సాయంత్రం నాలుగైంది. సన్నగా తుంపర పడుతోంది. గాలి చల్లగా ఉంది.

తంగేడు పొద కింద కుందేలు బూరుగమ్మ కదురు తిప్పుతోంది. రొమ్ము మీది నూగు తానే పీక్కుంది. మేకత్త పొట్ట కింది మెత్తబొచ్చు కొంత ఇచ్చింది. రెండూ కలిపి వడికి, జంటపోగు పేని, ఒక చిలప, వదులుగా చుట్టిన నూలు చుట్ట, పూర్తి చేసింది. చలి ముదిరేలోగా ఐదుగురు పిల్లలకీ ఒక దుప్పటి అల్లాలి.

మేకత్త వచ్చింది. "పిల్లలేరే?"

"నక్క మామ తీసుకెళ్లాడత్తా. నా నూలు చూసి, 'ఇంత సన్నపోగు ఈ కొండలో ఎవరు తీస్తారు! పిల్లల బొచ్చయితే వెన్నే. ఏదుముల్లు దువ్వెనతో దువ్వి, నూగు తీసి పంపుతా' అన్నాడు."

"నక్కకి దువ్వెనా? దాని ఒళ్లు ఎప్పుడైనా చూశావా? తోక నిండా పల్లేరుకాయలే!"

బూరుగమ్మ చేతిలోంచి కదురు జారిపోయింది. ఒక్క పొగడ్త. దానికి ఐదుగురినీ పంపింది.

చిలప నోట కరుచుకుని పరుగెత్తింది.

నక్క మామ బొరియకి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. కొండ వాలు మీద గొర్రెల మందని కాసే కుక్కలు ఇంకా తిరుగుతున్నాయి. పిల్లలు కీచుమంటే వచ్చిపడతాయి. అవి మందతో దిగిపోయేదాకా ఆగి, అప్పుడు పిల్లల్ని తినాలని అతని లెక్క. బూరుగమ్మ కుక్కల్ని పిలుద్దామంటే అవి కుందేళ్లనీ వదలవు.

"రామ్మా బూరుగమ్మా! ఒక్కొక్కర్నీ తీరిగ్గా దువ్వాలి. పొద్దుగూకాక తీసుకుపోదువులే."

తల్లి కూడా కాళ్ల దగ్గరికే వచ్చిందని అతని నోరూరింది.

"సరే మామా. అందాకా ఈ చిలప ఉండ చుట్టుకుంటా. ముందుకాళ్లు రెండూ చాపు."

"నేనా?"

"నూలు సంగతి అంత తెలిసినవాడివి, చిలప పట్టడం తెలీదా?"

తెలీదంటే పరువు పోతుంది. చాపాడు.

చిలప పట్టినవాడి చేతుల మీంచి నూలు విడిపోతూ రావాలి. బూరుగమ్మ మాత్రం అతని కాళ్లకే చుడుతూ పోయింది, ఒక కాలి మీంచి ఇంకో కాలి కిందికి, అడ్డంగా, మళ్లీ అడ్డంగా.

"ఉండ పెరగట్లేదేంటే?"

"ముందు బిగించాలి మామా. లేకపోతే చిక్కుపడుతుంది."

"ఓహో, నాకు తెలుసులే."

కొస తీసుకెళ్లి బొరియకి ఎడంగా ఉన్న రేగు మొద్దుకి లాగి ముడేసింది. నక్క మామ పక్కకి ఒరిగాడు, బొరియ దారి తెరుచుకుంది. అప్పుడు అరిచింది.

"బయటికి రండర్రా!"

నక్క మామ గుంజాడు. "పోవే, బొచ్చేగా!"

"బొచ్చే. కానీ పురి ఎక్కిన బొచ్చు. జంటపోగు."

తడికి ముడి ఇంకా బిగిసింది. కొరకబోయాడు. నూగు నాలుకకి చుట్టుకుని దగ్గు ముంచుకొచ్చింది.

"అమ్మా, ఈయన ఒక్కర్నీ దువ్వలేదు!" అంది చిన్నది బయటికొస్తూ.

"విప్పవే తల్లీ. కుక్కలొస్తాయి," అన్నాడు నక్క మామ.

బూరుగమ్మ పిల్లల్ని తన వెనక్కి లాక్కుంది. "సిగ్గులేదూ! నా రొమ్ము మీది నూగు పీక్కుని వడికాను. నా పిల్లల ఒంటి మీదికి. నీ కాళ్లకి చుట్టాల్సొచ్చింది. అక్కడే ఉండు."

దారిలో మేకత్త ఎదురొచ్చి ఒక్క మాటే అంది. "పని తెలుసన్నవాడికి ముందు పని ఇచ్చి చూడాలే, పిల్లల్ని ఇచ్చి కాదు."

బూరుగమ్మ పొద దగ్గర ఒక్కొక్కరి వీపూ తడుముతూ లోపలికి పంపింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. చిన్నది, ఐదు.

మళ్లీ మొదట్నించి లెక్కపెట్టింది. ఐదు.