రేగి ఎందుకు కరిచింది?

అనగనగా ఒక అడవిలో, ఒక రాళ్ల కొండ మీద, కొండముచ్చుల గుంపు ఉండేది. నల్ల మూతులు, బారెడు తోకలు. నవ్వకండర్రా, వాటికి అదే అందం!

ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. పిల్ల పుడితే అది ఒక్క తల్లి పిల్ల కాదు, అందరి పిల్ల. తల్లి మేతకు పోతూ, "ఒక్క చిటికె పట్టుకోవే, ఇప్పుడే వస్తా" అని చెల్లెలికిచ్చేది. చెల్లెలు అత్తకిచ్చేది. అత్త అమ్మమ్మకిచ్చేది. అలా చేతులు మారుతూ పిల్లలు హాయిగా పెరిగేవి.

ఒక ఎండాకాలం అడవి అంటుకుంది. అబ్బో, ఏం మంటలని! రేగి అనే చిన్న పిల్ల తల్లి ఆ మంటల్లో పోయింది. గుంపంతా రేగిని చేతులు మార్చుకుంటూ వాగు దాటించి బతికించింది. అప్పటినుంచి తల్లి చెల్లెలు మోదుగ దాన్ని సాకుతోంది.

కానీ రేగి మారిపోయింది. తన ఈడు పిల్లలు కొమ్మకొమ్మకీ దూకుతుంటే, తను ఒకే కొమ్మ పట్టుకుని కదిలేది కాదు. నిద్రలో ఉలిక్కిపడేది. పెట్టిన చిగుళ్లు తినకుండా పిడికిట్లో దాచుకునేది.

ఒకరోజు మోదుగ, "ఒక్క చిటికె పట్టుకో అత్తా" అని దాన్ని ఇప్పమ్మకిచ్చింది. రేగి కసుక్కున వేలు కొరికేసింది.

"ఓసి నీ దుంపతెగ!" అని అరిచింది ఇప్పమ్మ.

మర్నాడు ఒక బాలింత చెవి కొరికింది. మూడోనాడు ఏకంగా గుంపు పెద్ద మద్దయ్య తాత భుజమే కొరికింది!

తాతకి ఒళ్లు మండింది. "ఎల్లుండి నీళ్లున్న కొండకి పోతున్నాం. పిల్లల్ని చేతులు మార్చుకోకపోతే అంత దూరం పోలేం. కరిచేదాన్ని ఎవరు మోస్తారు? ఇక్కడే వదిలేద్దాం" అన్నాడు.

మోదుగ రేగిని గుండెకి హత్తుకుంది. ఆ కొండ చుట్టూ చిరుత తిరుగుతోంది. వదిలేస్తే రేగి ఒక్క పూట కూడా బతకదు.

"నాలుగు తగిలించు, దారికొస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా?" అంది ఇప్పమ్మ.

మోదుగ చెయ్యెత్తింది. రేగి రెండు చేతులతో తల కప్పుకుని గజగజ వణికిపోయింది. ఎత్తిన చెయ్యి దించేసింది మోదుగ. ఇది పొగరు కాదు, భయం అని దానికి తెలిసిపోయింది.

"కొట్టనమ్మా. ఎందుకు కొరుకుతున్నావో చెప్పు" అని పక్కన కూర్చుంది.

రేగి తల మీంచి చేతులు తీసింది. తర్వాత మెల్లగా అంది: "అమ్మ కూడా అలాగే అంది పిన్నీ. 'ఒక్క చిటికె పట్టుకోండి, ఇప్పుడే వస్తా' అని నన్నిచ్చేసి, మంటల్లో చిక్కుకున్న అక్క కోసం వెళ్లింది. రాలేదు. నువ్వూ రావు."

"అయ్యో నా తల్లీ!" అని మోదుగ బావురుమంది.

గుంపుకి సంగతి చెప్పింది. ఇప్పమ్మ నోరు నొక్కుకుంది. మద్దయ్య తాత తల దించుకుని, "ఒంటికి దెబ్బ తగల్లేదు కదా, బాగానే ఉందనుకున్నాం. మరి మోసేదెవరు?" అన్నాడు.

"దారంతా నేనే మోస్తా. ఎవరికీ ఇవ్వను."

"నీ నడుం పడిపోతుందే!"

"పడితే పడనీ తాతా."

మొదటి రోజు రేగి గోళ్లు మోదుగ పొట్టలో దిగబడ్డాయి. రెండో రోజు పట్టు కాస్త వదులైంది. మూడో రోజు రేగి పిడికిలి విప్పి చిగుళ్లు తింది. మిగతావాళ్లు మోదుగ నోటికి పళ్లందిస్తూ నడిచారు.

కొత్త కొండ చేరాక మోదుగ రోజూ, "నువ్వు చూస్తుండగానే వెళ్తా, చూస్తుండగానే వస్తా" అని చెప్పి పది అడుగులు వేసి వచ్చేసేది. తర్వాత ఇరవై. తర్వాత వాగు దాకా.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం మోదుగ వాగుకెళ్లింది. రేగి తనంతట తనే వచ్చి ఇప్పమ్మ ఒళ్లోకి ఎక్కింది. ఇప్పమ్మ వేళ్లన్నీ ముడుచుకుని బిగుసుకుపోయింది.

"భయపడకు ముసలమ్మా. పిన్ని వచ్చేస్తుందిలే" అని రేగి దానికే ధైర్యం చెప్పి, హాయిగా నిద్రపోయింది.

మోదుగ తిరిగొచ్చి చూసి, "అమ్మయ్య!" అని అక్కడే కూలబడి కరువుతీరా ఏడ్చింది. అది సంతోషపు ఏడుపర్రా.

నీతి: పిల్ల మొండికేస్తే చెయ్యెత్తే ముందు, దానికేం జరిగిందో అడగండి. భయాన్ని దెబ్బ పోగొట్టదు, నమ్మకమే పోగొడుతుంది.