దివాన్ గారి స్విచ్చు, రాజుగారి తడి కాళ్లు

రాజుల కాలంలో కరెంటేమిటని ముక్కున వేలేసుకోకండి. ఇది సంస్థానాల నాటి ముచ్చట. గంధవరం కోటలో దీపాలు వెలిగాక ఊళ్లోకీ తీగలు లాగారు. అంతటితో ఊరుకోకుండా వీరకేసరి ప్రభువుకి ఓ సరదా పుట్టింది. అద్దె ఇళ్లన్నిటా వైర్లు తనిఖీ చేయించాలి, అన్నిటికంటే భద్రమైన ఇంటి యజమానికి కోటలో సన్మానం చెయ్యాలి.

తనిఖీ అధికారం దివాన్ పేర్రాజు గారికి అప్పగించారు. ఊళ్లో సగం అద్దె ఇళ్లు ఆయనవే. ఇంకేం, గుమ్మమైనా తొక్కకుండా తన ఇళ్లకి తానే "భేషుగ్గా ఉంది" అని కాగితాలు రాసుకుని సన్మానం తనకేనని మీసం మెలేశారు.

వాటిలో ఓ ఇంట్లో అప్పడాలు ఒత్తుకుని బతికే ముత్యాలమ్మ ఉండేది. స్విచ్చు ముట్టుకుంటే జిల్లుమని లాగేది. పాపం, పీటెక్కి నిలబడి, కర్రతో నొక్కి దీపం వేసుకునేది. కూతురికి షాకు కొట్టిందని మొరపెట్టుకుంటే, నోరు మూసుకోకపోతే శుక్రవారానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు దివాన్ గారు. ఆవిడ ఏడ్చుకుంటూ వెళ్లి, రాజుగారికి తాంబూలం అందించే సింగన్నతో చెప్పుకుంది.

సింగన్నకి ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఆకులు చుడుతూ, సన్మానానికి ముందు దివాన్ గారి అద్దె ఇళ్లలో ఒకదాంట్లో ప్రభువులే స్వయంగా దీపం వేస్తే ఎంత శోభగా ఉంటుందో అన్నాడు. రాజుగారు ముచ్చటపడ్డారు. ఏ ఇల్లని అడిగితే ముత్యాలమ్మ ఉంటున్న ఇల్లే చెప్పాడు. తాను రాసిన కాగితం ఉండగా దివాన్ గారు కాదంటే ఎలా?

ముహూర్తం మిట్టమధ్యాహ్నం పెట్టారు. గుమ్మం దగ్గర రాజుగారు చెప్పులు విడిచారు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లడం మర్యాద కదా, సింగన్న చెంబెడు నీళ్లు ధారగా పోశాడు. రాజుగారు ఆ తడి కాళ్లతోనే స్విచ్చు దగ్గరికి నడిచారు. వేలు స్విచ్చుకి బెత్తెడు దూరంలో ఉండగా వెంట వచ్చిన దివాన్ గారు ఒక్క గెంతు గెంతి రాజుగారి చెయ్యి పట్టేసుకున్నారు.

"వద్దు ప్రభూ, ప్రాణం పోతుంది."

"భేషుగ్గా ఉందని రాశారుగా, దివాన్ గారూ?" అన్నారు రాజుగారు.

దివాన్ గారు ఇప్పుడే ఏదో అనుమానం వచ్చిందనబోయారు. ఈలోగా సింగన్న రొండిన దోపుకున్న ఫ్యూజు తీసి రాజుగారి ముందు పెట్టాడు.

"తమ ప్రాణంతో ఆడతానా ప్రభూ? పొద్దున్నే ఫ్యూజు పీకేశాను. ఈ ఇంట్లో ఇప్పుడు కరెంటు లేదు, దివాన్ గారికి ముందే తెలిసిన నిజం మాత్రం ఉంది."

రాజుగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తన వేలి ఉంగరం తీసి సింగన్నకి తొడిగారు. ఊళ్లో దివాన్ గారి ఇళ్లన్నిటికీ కొత్త వైర్లు పడేదాకా ముత్యాలమ్మ తల్లీకూతుళ్లు దివాన్ గారి మేడలో ఉండాలనీ, దివాన్ గారు ఇక్కడ కాపురముండాలనీ అక్కడికక్కడే ఆజ్ఞ వేశారు.

ముత్యాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది.