కసివింద కొరడా

తంగేడు రాచపువ్వని, దాని కొమ్మ నరికితే పది కొరడా దెబ్బలని రాజుగారు చాటింపు వేయించారు. కాపలాకి పెట్టిన పుష్పాధికారి విరూపాక్షయ్యకి తంగేడేదో, కసివిందేదో తెలియదు. రెండూ పసుపుగానే పూస్తాయి మరి! అందుకని పసుపు కనబడితే చాలు, పట్టుకునేవాడు. ముఖానికి పసుపు రాసుకున్న పేరంటాళ్లను కూడా రెండుసార్లు పట్టుకొచ్చాడు.

ఒకరోజు తోళ్లు పదును చేసుకుని బతికే ఈరవ్వ కొమ్మల మోపుతో సహా దొరికింది.

"కసివిందని బొంకకు!" అన్నాడు అధికారి, సభలో.

"తంగేడే దొరా," అంది ఈరవ్వ. కొరడా చూడగానే ఆమె వీపు జలదరించింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. అది తన చేతిపనే! "ఈ తంగేడు బెరడు నానేసిన నీళ్లలో ఊరితేనే పచ్చితోలు పదునెక్కేది. నేను నరికింది ఒక్క మోపు. ఆ కొరడా నెల్లాళ్లు తంగేడులోనే మునిగింది. ముందు దాన్ని కొట్టించండి."

రాజుగారు తన చెప్పులను మెల్లగా సింహాసనం కిందికి లాక్కున్నారు.

"అయితే కసివిందతో వేరే కొరడా చేయిస్తాం! తేడా ఏముంది?" అని అరిచాడు అధికారి.

"నేనే చేసిపెడతాను. అది తయారయ్యాకే నన్ను కొట్టండి. తోలు అధికారిగారి వాకిట్లోనే నానేస్తాను, కళ్లారా చూసుకుందురు."

రాజుగారు సరేనన్నారు.

కసివింద నీళ్లలో తోలు పదునెక్కలేదు, కుళ్లింది. ఆరోనాడు అధికారి ముక్కుకి ఉత్తరీయం చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ప్రభూ, ఆ రెండు మొక్కలకీ తేడా తెలిసింది!"

"మాకూ తెలుస్తోంది," అన్నారు రాజుగారు. "గుమ్మం అవతలే నిలబడి చెప్పు."