ఎదురుగాలిలో నురగమ్మ పరుగు

ఒకప్పుడు పీతలు మనలాగే ముక్కుసూటిగా నడిచేవి. పీతకి ముక్కెక్కడుందని అడక్కండి. ఉన్నట్టే నడిచేవి, అదీ సంగతి.

పోనీ మామూలుగా నడిచేవా? అబ్బే! ముందరి రెండు డెక్కలూ పైకెత్తి, చూపు ఎదుటివాళ్ళ మీదే నిలిపి, పెళ్ళికి తరలి వచ్చిన వియ్యంకుల్లా నడిచేవి. ఎదురుపడ్డవాళ్ళకి మొహం చూపించడమే వాటి మర్యాద. మొహం పక్కకి పెట్టుకుని పోయే పీతతో ఇంకో పీత మాట్లాడేది కాదు.

సముద్రం దగ్గరికి వెళ్ళేటప్పుడైతే ఈ మర్యాద మరీ ఎక్కువ. సముద్రం పీతలకి పుట్టిల్లు కదా. పుట్టింటి గుమ్మంలోకి మొహం తిప్పుకుని ఎవరైనా వెళతారా?

ఆ రోజుల్లో సరుగుడు తోటకి దిగువన, ఇసక దిబ్బ కింద ఒక బొరియలో నురగమ్మ అనే పీత కాపురం చేస్తూ ఉండేది. కొత్త కోడలు. ఆమె అత్తగారి పేరు గుల్లమ్మ. మర్యాదలన్నీ గుల్లమ్మ ఇంట్లోనే పుట్టాయని ఒడ్డంతా చెప్పుకునేవారు. ముందుగా ఆ మాట చెప్పింది గుల్లమ్మే అనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఏడు నురగమ్మ కడుపు పండింది. పీతలు గుడ్లని పొట్టకింద అంటించుకుని మోస్తాయి. నురగమ్మ పొట్టకింద తోటకూర గింజలంతటి గుడ్లు వేలకు వేలు ఉన్నాయి. అన్నిటికీ ఒక్కొక్కటిగా ముద్దుపేర్లు పెట్టబోయి, నలభై దాకా వచ్చాక లెక్క తప్పిపోయింది పాపం.

నెలలు నిండాక ఆ గుడ్లని సముద్రంలో వదలాలి. ఉప్పునీళ్ళు తగిలితేనే పిల్లలు బయటికి వస్తాయి. ఆలస్యమైతే గుడ్లు ఎండిపోయి ఇసకలో రాలిపోతాయి.

ఒకనాడు మధ్యాహ్నం, ఎండ మండిపోతున్న వేళ, గుడ్లు గలగలా కదిలాయి.

"అత్తా! పిల్లలు తొందర పడతన్నారు. నీళ్ళకాడికెళ్ళాల" అంది నురగమ్మ.

"ఎల్లవే తల్లీ. డెక్కలెత్తి, మొహం సముద్రం ఏపు పెట్టి, మన ఇంటి పరువు నిలబెట్టి మరీ ఎల్లు" అంది గుల్లమ్మ.

"పరువుకేం గానీ, బయట గాలి చూశావా అత్తా?"

"గాలేటి గాలి! నాను కనలేదేటి వేలమందిని! ఏ గాలి నన్ను ఆపింది?"

గుల్లమ్మ అన్నది నిజమే. కాకపోతే తన కాన్పుకి తెల్లారగట్ల, సరుగుడాకు కూడా కదలనప్పుడు వెళ్ళింది. ఆ ముక్క చెప్పడం మాత్రం మరిచిపోయింది.

నురగమ్మ బొరియలోంచి తల బయట పెట్టిందో లేదో, గాలి ఎదురొచ్చింది. మధ్యాహ్నం పూట సముద్రం మీదనుంచి ఒడ్డుకి కొట్టే గాలి అది. వట్టి కొంటె గాలి. తలపాగాలు ఎగరేసుకు పోతుంది. ఆరేసిన వలలు చుట్టబెడుతుంది. అన్నం తినేవాళ్ళ కంచంలో అడక్కుండా ఇసక వడ్డిస్తుంది. ఒడ్డుమీద ఉన్న ప్రతివాళ్ళతోనూ దానికి వరస ఉంది. నురగమ్మని వదినా అంటుంది.

"ఎక్కడికి వదినా, ఇంత ఎండలో?" అంది గాలి.

"పుట్టింటికి మరిదీ. కాస్త దారియ్యి" అని నురగమ్మ డెక్కలెత్తి, మొహం సముద్రం వైపు పెట్టి పరుగు తీసింది.

పది అడుగులు వేసిందో లేదో, గాలి ఆమె వెడల్పాటి చిప్పని పట్టి ఒక్క తోపు తోసింది. నురగమ్మ వెల్లకిలా పడి, ఎనిమిది కాళ్ళూ ఆకాశం వైపు కొట్టుకుంది.

"అదేటి వదినా! సముద్రం అటుంటే నువ్విటు వత్తన్నావు?" అని గాలి పగలబడి నవ్వింది.

నురగమ్మ లేచి మళ్ళీ పరిగెత్తింది. ఈసారి కళ్ళనిండా ఇసక పడింది. అప్పట్లో పీత కళ్ళు మొహానికే అతుక్కుని ఉండేవి, మూసుకోవడానికి రెప్పలు కూడా లేవు. కనబడక గిర్రున తిరిగి, మొదట బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది. మూడోసారి నేలకి కరుచుకుని పాకి చూసింది. ఒకడుగు ముందుకి పడితే రెండడుగులు వెనక్కి జారింది.

అప్పుడు పొట్టకింద తడిమి చూసుకుంది. పైవరస గుడ్లు బిరుసెక్కుతున్నాయి.  పరిహాసాలన్నీ పక్కన పెట్టి రెండు డెక్కలూ జోడించింది.

"మరిదీ, నీకు పుణ్యముంటాది. ఒక్క గడియ ఆగు. నా పిల్లలు ఎండిపోతన్నారు."

గాలి నవ్వు ఆపింది కానీ వీయడం ఆపలేదు.

"ఆగాలనే ఉంది వదినా. అటు చూడు. నడిసముద్రంలో పదకొండు తెరచాప పడవలున్నాయి. జాలరోళ్ళు చీకటితోనే చేపల వేటకెళ్ళారు. నాను తోత్తేనే వాళ్ళు ఒడ్డుకొత్తారు. నానాగిపోతే అక్కడే నిలిచిపోతారు. తాగే నీళ్ళు కూడా అయిపోయినాయి. వాళ్ళకీ ఇళ్ళకాడ పిల్లలున్నారు. ఇప్పుడు చెప్పు, ఆగమంటావా?"

నురగమ్మ దూరంగా తెల్లగా కనబడుతున్న తెరచాపల్ని చూసింది. పొట్టకింద తన పిల్లల్ని చూసుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది కూడా. పీత కన్నీళ్ళు ఇసకలో కలిస్తే ఎవరు చూడొచ్చారు!

"వద్దులే మరిదీ, ఆగకు. నా తిప్పలు నాను పడతాను" అంది.

సరిగ్గా అప్పుడే పల్లెలోంచి పైడితల్లి అనే ఆవిడ ఒడ్డుకి వచ్చింది. పడవలు వచ్చేసరికి చేపలు ఆరబెట్టడానికి పెద్ద తాటాకు చాప మోసుకొస్తోంది. చాపని రెండు చేతులతో ముందుకి పట్టుకుంది. గాలి ఊరుకుంటుందా! చాపనీ పైడితల్లినీ కలిపి వెనక్కి నెట్టింది.

"ఓలమ్మోలమ్మ! ఇదేటి గాలమ్మా! మనిసిని అడుగెయ్యనీదేటి!" అని పైడితల్లి నాలుగడుగులు వెనక్కి నడిచింది. తరవాత చాపని చటుక్కున పక్కకి తిప్పి, అంచు గాలికి ఎదురుగా ఉండేటట్టు చంకలో పెట్టుకుంది. అంతే, గాలి చాపకి రెండు పక్కలనుంచీ జారిపోయింది. పైడితల్లి చకచకా నడిచి వెళ్ళిపోయింది.

"గాలితో గొడవ పడతారేటి? కూసింత పక్కకి తిరిగితే పోలే!" అని తనలో తను అనుకుంటూ పోయింది.

నురగమ్మ ఆ చాపని చూసింది. తన చిప్పని చూసుకుంది. ఎదురుగా చూస్తే చాపంత వెడల్పు. పక్కనుంచి చూస్తే అంచంత సన్నం. సంగతి తెలిసిపోయింది. కానీ మొహం తిప్పుకుని పుట్టింటికి పోవడమా? కాలు కదపబోయి ఆగింది.

బొరియ గుమ్మంలోంచి గుల్లమ్మ అంతా చూస్తూనే ఉంది. కోడలు వాలకం ఆవిడకి అర్థమైపోయింది.

"మొహం! ఒసే, మొహం! సముద్రం ఏపు పెట్టు!" అని కేకేసింది. "నలుగురూ చూత్తన్నారు!"

నిజంగానే ప్రతి బొరియలోంచీ ఒక పీత తొంగి చూస్తోంది. ఇలాంటివి చూడ్డానికి మాత్రం ఎవరికీ ఎండ అడ్డు రాదు.

పొట్టకింద గుడ్లు మళ్ళీ కదిలాయి. ఈసారి మెల్లగా, నీరసంగా కదిలాయి.

"పిల్లల్ని పోగొట్టుకుని నిలబెట్టుకునే పరువు నాకొద్దత్తా!" అంది నురగమ్మ. అని పక్కకి తిరిగిపోయింది.

తిరిగి పరుగు తీసింది. ముందున్న నాలుగు కాళ్ళూ లాగాయి, వెనకున్న నాలుగు కాళ్ళూ తోశాయి. ముక్కుసూటిగా పరిగెత్తినన్నాళ్ళూ ఆ కాళ్ళు ఒకదానికొకటి తగులుకునేవి. ఇప్పుడు ఒక్కటీ తగల్లేదు. గాలి పట్టుకుందామని చూసింది, పట్టు దొరకలేదు. మొహం ఒక వైపు, దారి ఒక వైపు అయ్యేసరికి నురగమ్మ కళ్ళని పైకి పైకి సాగదీసింది. అవీ సాగాయి. ఇసక ఎగిరొస్తే మడిచి దాచుకుంది, పోగానే మళ్ళీ నిలబెట్టింది.

"ఓసి వదినోయ్! చేతికి చిక్కవేటి!" అని గాలి వెంటపడింది.

అప్పుడు చిత్రం జరిగింది. ఇందాకటిదాకా నిప్పులా కాలిన చిప్ప చల్లబడింది. అలల తుంపర చిలకరించినట్టు మొహానికి తగిలింది. గాలి ఎంత గట్టిగా కొడితే నురగమ్మ కాళ్ళు అంత గట్టిగా ఆడాయి. భయం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. నవ్వుతూ పరిగెత్తింది.

మొదటి అల దగ్గర ఆగి, సిగ్గుపడుతూ నిలబడింది.

"అమ్మా, మొహం తిప్పుకొచ్చానని కోపమా?"

"పురిటికొచ్చిన పిల్ల మొహం ఎటుందో ఎవరు చూత్తారే!" అంది సముద్రం. "నీ కాళ్ళ చప్పుడు ఇనడానికే పొద్దుటినుంచీ చెవులొగ్గి కూచున్నాను. రా."

అల వచ్చి నురగమ్మ పొట్ట తడిపింది. నురగమ్మ ఒళ్ళు విదిలించింది. వేలవేల పిల్లలు పొగలాగా నీళ్ళలోకి విడిపోయాయి. పైవరసలో కొన్ని దక్కలేదు. మిగతావన్నీ దక్కాయి. నురగమ్మ వాటికేసి చూస్తూ చాలాసేపు నీళ్ళలోనే ఉండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు గాలి ఆమె వెనక్కి చేరింది. "పోయేటప్పుడు పేచీ పెట్టానని కోపం పెట్టుకోకు వదినా. వచ్చేటప్పుడు పల్లకీ నాదే" అంది. కాళ్ళు నేలకి ఆనీ ఆనకుండా ఇంటిదాకా తోసుకొచ్చింది. పదకొండు పడవలూ అదే గాలికి ఒడ్డు చేరాయి. వలల్లోంచి రాలిన నెత్తళ్ళనే చిన్న చేపలు రెండు దొర్లించుకొచ్చి, "బాలింతవి, తిను" అని గుమ్మంలో పెట్టింది గాలి.

గుల్లమ్మ మాత్రం కోడలితో మాటలు మానేసింది. ఒక పున్నమి వెళ్ళింది. రెండో పున్నమీ వెళ్ళింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం గోరంత పీతపిల్లలు అలల్లోంచి ఒడ్డెక్కాయి. అన్నీ అమ్మలాగే పక్కకి పరిగెడుతున్నాయి. నురగమ్మ ఎదురెళ్ళింది. మనవలని చూడగానే గుల్లమ్మకి కోపం, పరువు రెండూ కరిగిపోయాయి. కరిగాయి కానీ అలవాటు పోదు కదా! డెక్కలెత్తి, మొహం సముద్రం వైపు పెట్టి, ఠీవిగా పరుగు తీసింది.

మూడుసార్లు వెల్లకిలా పడింది.

"రా పెద్దమ్మా, రా! నిన్ను ఏ గాలీ ఆపలేదంట కదా!" అంది గాలి.

గుల్లమ్మ లేచి ఇసక దులుపుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. ఏదో వెతుకుతున్నదానిలా కాస్త పక్కకి తిరిగింది. తిరిగిన మరుక్షణం మనవల మధ్యన ఉంది.

ఒడ్డుమీద పీతలన్నీ నోళ్ళు తెరిచాయి.

"ఏటలా చూత్తారు?" అంది గుల్లమ్మ, నెత్తిమీద నలుగురు మనవలని ఎక్కించుకుని. "మా ఇంట్లో మొదట్నుంచీ ఇదే నడక. ఈ కోడలికి నేర్పింది ఎవరనుకున్నారు?"

నురగమ్మ నవ్వు దాచుకుని మిగతా పిల్లల్ని దగ్గరికి పోగేసుకుంది. గాలి మాత్రం నవ్వాపుకోలేక సరుగుడు తోటలోకి పారిపోయింది.

అప్పటినుంచే పీతలు పక్కకి పరిగెత్తుతాయి. ఎంత గాలిలోనైనా ఎవరికీ దొరకవు. ఇసక లేస్తే కళ్ళు మడుచుకుంటాయి. పాత మర్యాద మాత్రం పూర్తిగా పోలేదు. ఈసారి ఒడ్డుకి వెళ్ళి ఒక పీతని తరమండి. బొరియలో దూరబోయే ముందు ఒక్క క్షణం ఆగి, మీవైపు మొహం తిప్పి, రెండు డెక్కలూ పైకెత్తుతుంది. అది గుల్లమ్మ పోలిక.