అసిరమ్మ చేంతాడు

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను తారుమారు చేయవచ్చు. ఈ మధ్య నాకు అలా అవుతోంది. ఉన్నది కూడా మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

లోకనాథం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరే మాలో ఎవరైనా గట్టి ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "దాహం వేస్తోంది, పదండి" అని కండువా భుజాన వేసుకునేవారు. ఎవరింటి ముందు ఆగుతారో ఆయనకే తెలియాలి.

ఆ చైత్రంలో ప్రశ్న వేసినవాడు తవిటినాయుడు. నాగావళి ఒడ్డున ఇసుక, గులకరాళ్ళు తవ్వే క్వారీకి మేనేజరు. గొయ్యి బాగా లోతుకు దిగింది కనుక అడుగున నీరు ఊరుతూనే ఉండేది. దాన్ని పంపుతో రాత్రీ పగలూ తోడి దూరాన ఉన్న వాగులోకి వదిలితే తప్ప యంత్రం దిగదు. నాయుడు గోతిలో గీతలు గీసిన కర్ర పాతి, రెండు పూటలా నీటిమట్టం చూసి రాసుకునేవాడు. అంత జాగ్రత్త గల మనిషి.

"మాస్టారూ, ఇన్నేళ్ళలో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. నా వల్ల ఎవరికీ అన్యాయం జరగలేదని నమ్మొచ్చు కదా?"

మాస్టారు కండువా అందుకున్నారు.

నేనూ మా చెల్లెలు హైమవతీ కూడా వెంట నడిచాం. క్వారీ దాటాక, తవ్వి వదిలేసిన పాత గొయ్యి ఒకటి ఉంది. దాని అవతలే అసిరమ్మ ఇల్లు. ఒంటరి మనిషి. పెరట్లో కనకాంబరాలు వేసి, ఆ పూలమ్ముకుని బతికేది. మాస్టారు మంచినీళ్ళు అడిగారు. ఆమెను అక్క వరసతో పిలిచేవారాయన. నూతి దగ్గరికి వెళ్ళబోతే ఆపారు.

"నువ్వు కూర్చో అప్పా. నాయుడు తోడతాడు."

"మేనేజరు బాబు చేత నీళ్ళు తోడిస్తారేటి మాస్టారూ! ఆ చేతులు కందిపోవా?" అని నవ్విందామె.

నాయుడు చేద దించాడు. కొంత దిగాక తాడు గిలకలో ఇరుక్కుంది.

"ముడి వచ్చినాది బాబూ. చేత్తో ఎత్తి దాటించాల."

దించేటప్పుడు నాలుగుసార్లు, లాగేటప్పుడు నాలుగుసార్లు. పైకి వచ్చింది సగం చేద. నాయుడు చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"ఇన్ని ముళ్ళేంటమ్మా?"

"తాడు అందనప్పుడల్లా ఒక ముక్క కలిపి కడతన్నాను."

"వేసవి కదా, నీళ్ళు దిగుతాయి మరి."

"ముప్పై ఏసవులు ఒక్క తాడుతోనే తోడినాను బాబూ. మొన్న దసరా ఎల్లినకాడి నుంచే ఇలాగ. ఏటి చేస్తాం, నూతికీ నాలాగే వయసైపోనాది. రెండు మడులు వదిలేసినాను. మిగతావి ఎన్నాళ్ళో."

క్వారీలో పంపు పెట్టింది దసరా వెళ్ళిన మూడో రోజున. అది ఊరంతటికీ తెలుసు. మాస్టారు నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, "చల్లగా ఉన్నాయి అప్పా" అని లేచారు.

మర్నాడు నాయుడు కొత్త నైలాను తాడు తెచ్చి మాస్టారికి చూపించాడు.

"అరవై అడుగులు. ఒక్క ముడి లేదు. గిలక మీద జారిపోతుంది. అసిరమ్మకి ఇచ్చి వస్తాను."

మాస్టారు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశారు. "మంచి తాడే. నీళ్ళు ఇంకా దిగితే?"

"ఇంకా పొడుగైనది తెస్తా..." అని నాయుడు మధ్యలోనే ఆగిపోయాడు. తాడు చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

ఆ తర్వాత పంపు గొట్టాన్ని వాగు వైపు నుంచి పాత గోతిలోకి తిప్పించాడు. అది గులక నేల, పోసిన నీరు నిలవదు, చుట్టుపక్కలకు ఇంకిపోతుంది. కొంత అసిరమ్మ నూతి వైపు పోతే, కొంత తిరిగి అతని గోతిలోకే వచ్చేది. అందుకని గొయ్యి ఇంకా లోతు చేయడం ఆపి, యంత్రాన్ని అవతలి మెరక మీదికి మళ్ళించాడు. యజమాని వచ్చి అరిచింది దీనికి ముందో తర్వాతో నాకు సరిగ్గా గుర్తులేదు. పనివాళ్ళందరి ముందూ అరిచాడు.

"తోడిన నీళ్ళు పక్క గోతిలో పోసి మళ్ళీ తోడుతున్నావట! మతి పోయిందా నాయుడూ? ఇంకో నెల చూస్తాను. పని ఇలాగే వెనకబడితే నీ కుర్చీలో ఇంకొకడుంటాడు."

నాయుడికి చదువుకునే ఆడపిల్లలు ఇద్దరు. నెల రోజులూ అతనికి సరిగ్గా నిద్ర లేదని అతని భార్యే మాతో చెప్పింది. గొట్టాన్ని మాత్రం వెనక్కి తిప్పలేదు.

జ్యేష్ఠంలో, ఇంకా తొలి వాన పడకుండానే, ఒక సాయంత్రం అరుగు దగ్గరికి పరుగున వచ్చాడు.

"మాస్టారూ! నూతికి వయసు కాదు, అది మా పంపు చేసిన పనేనని అసిరమ్మకి చెప్పేశాను. దీపాలు పెట్టేదాకా తిట్టింది. నా మీద మొదటి ఫిర్యాదు వచ్చేసింది." ఊపిరి తీసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "కానీ నీళ్ళు పైకి వచ్చాయి మాస్టారూ. ఒక ముడి విప్పేసింది!"

మాస్టారు కండువా మడత పెట్టుకుంటూ అడిగారు.

"ఇంకా ఎన్ని ఉన్నాయి?"

హైమవతీ, పేర్లు ఒకసారి సరిచూడవే. ముళ్ళు మాత్రం నాలుగే. ఆ రోజు రెండో చేద తోడింది నేనే.